ఛాతీ చిత్రం తీస్తున్నారు.. చదివేదెవరు?

గోదావరిఖని: గనిలో కొలువుకు కుదిరే ప్రతి మనిషికీ ముందుగా ఛాతీ ఎక్స్‌రే తీయాలి. ఆ పిదప అయిదేళ్లకు ఒకసారైనా మళ్లీ తీయాలి. గనుల నిబంధనలు-1955లోని 29-బి నిబంధన దేశంలోని గని యాజమాన్యాలన్నింటిపైనా మోపిన బాధ్యత ఇది. తొలి పరీక్షను ఐఎంఈ అనీ, ఆ తర్వాత విడతలవారీగా జరిగే దానిని పీఎంఈ అనీ కార్మికవాడల్లో వ్యవహరిస్తారు. గోదావరిఖని, యైటింక్లయిన్‌ కాలనీ, సెంటినరీకాలనీల్లో ఈ మాటలు వినని ఇల్లు ఉండదు.

వేల సంఖ్యలో తీసే ఈ చిత్రాలన్నీ చివరికి ఒక్క మాట దగ్గర ఆగుతాయి. ‘ఫిట్‌’ లేదా ‘అన్‌ఫిట్‌’. కార్మికుడు రేపటి షిఫ్టుకు దిగగలడా లేదా అన్నది యాజమాన్యానికి కావలసిన జవాబు. గత అయిదేళ్లలో తన ఊపిరితిత్తుల్లో ఏం మారింది అన్నది కార్మికునికి కావలసిన జవాబు. చిత్రం ఒకటే, ప్రశ్నలు రెండు. మొదటి ప్రశ్నకు మాత్రమే సమాధానం వెతికితే రెండోది మరుగున పడిపోతుంది. ఇతర దేశాల బొగ్గు గనుల్లో ఇదే జరిగి, దాని ఫలితం ఏమిటో లోకానికి తెలిసివచ్చింది. సింగరేణి ప్రాంతంలో మాత్రం వైద్య పరీక్షలపై చర్చ అంటే ఇప్పటికీ డిపెండెంట్‌ ఉద్యోగాల చర్చే.

నల్లని ధూళి.. తెల్లని చుక్క

1895 నవంబరులో జర్మన్‌ శాస్త్రవేత్త రాంట్‌జెన్‌ కనుగొన్న ఎక్స్‌ కిరణాలు గాలిలోంచి సులువుగా దూసుకుపోతాయి, ఎముక వద్ద ఆగిపోతాయి. అందుకే గాలి నిండిన ఊపిరితిత్తి చిత్రంలో నల్లగా, పక్కటెముకలు తెల్లగా కనిపిస్తాయి. బొగ్గు పొరను కోసేటప్పుడు, రంధ్రాలు వేసేటప్పుడు, పేలుళ్ల తర్వాత, ఒక బెల్టు మీది నుంచి మరో బెల్టు మీదికి బొగ్గు జారిపడేచోట ధూళి లేస్తుంది. కంటికి కనిపించే పెద్ద రేణువులు ముక్కులోనో, గొంతులోనో చిక్కి నల్లని కఫంగా బయటపడతాయి. ప్రమాదమంతా కంటికి కనిపించని సన్నని ధూళితోనే. మిల్లీమీటరులో రెండు వందల వంతు కన్నా చిన్నవైన రేణువులు గాలి తిత్తుల దాకా చేరి అక్కడే నిలిచిపోతాయి. శరీరం వాటిని వెలుపలికి నెట్టలేక చుట్టూ గట్టి మచ్చ కట్టుకుంటుంది. ఆ మచ్చల్లో గాలి ఉండదు. నల్లని ధూళి ఎక్స్‌రేలో తెల్లని చుక్కలై అగుపించడానికి కారణం అదే.

దీనినే వైద్యులు న్యుమోకోనియోసిస్‌ అంటారు. సాధారణంగా పదేళ్లు, అంతకు మించి ధూళిలో పనిచేసిన వారిలో బయటపడుతుంది. తొలిదశలో దగ్గు ఉండదు, ఆయాసం ఉండదు. కార్మికుడు మామూలుగానే మెట్లెక్కుతాడు, షిఫ్టు పూర్తిచేస్తాడు. ఆ దశలో జబ్బు జాడ చెప్పగలిగింది చిత్రం ఒక్కటే. చుక్కలు పెరిగి, ఒకదానితో ఒకటి కలిసి సెంటీమీటరును మించిన గడ్డలైతే దానిని తీవ్రదశగా పరిగణిస్తారు. అక్కడి నుంచి వెనక్కి మళ్లించే మందు లేదు. గని మానేసిన తర్వాత కూడా అది ముదరవచ్చు. కనుక ఈ జబ్బులో వైద్యం చేయగలిగింది స్వల్పం. ముందుగా గుర్తించి, మనిషిని ధూళి లేని పనికి మార్చడమే అసలైన రక్షణ. గనుల చట్టం-1952లోని 9-ఏ సెక్షన్‌ ఉద్దేశం కూడా ఇదే అయి ఉండేది. వృత్తి కారణంగా అనారోగ్యం పాలైన కార్మికునికి యాజమాన్యం ఖర్చుతో చికిత్స, అనర్హుడని తేలితే గనిలోనే చేయగలిగిన ప్రత్యామ్నాయ పని, అది వెంటనే లేకుంటే వైకల్య భృతి ఇవ్వాలని ఆ సెక్షన్‌ నిర్దేశించింది.

ఉపరితల గనుల్లో పనిచేసేవారికి ఈ బెడద లేదనుకోవడం పొరపాటు. గోదావరి లోయలో బొగ్గు పొరల మీద ఇసుకరాయి పరచుకుని ఉంది. ఓపెన్‌కాస్టులో ఓవర్‌బర్డెన్‌ తొలగించేందుకు డ్రిల్లు వేసేది ఆ రాతిలోనే. భూగర్భంలో పైకప్పుకు బోల్టులు బిగించేవారు తొలిచేది కూడా ఆ రాతినే. ఇసుకరాతి ధూళిలోని సిలికా బొగ్గు ధూళి కన్నా ఊపిరితిత్తికి మరింత హాని చేస్తుంది.

కొలమానం ఒకటుంది

ఛాతీ చిత్రాన్ని చూసి ‘మచ్చలున్నాయి’, ‘మచ్చలు లేవు’ అని తేల్చడం అంత సులువు కాదు. ఒకే చిత్రాన్ని ఇద్దరు వైద్యులకు చూపితే రెండు అభిప్రాయాలు రావచ్చు. ఈ చిక్కును తొలగించేందుకు 1930లో దక్షిణాఫ్రికాలోని జొహన్నెస్‌బర్గ్‌లో జరిగిన సదస్సు నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక వర్గీకరణను రూపొందిస్తూ వచ్చింది. దానిని పలుమార్లు సవరించారు. 2011లో డిజిటల్‌ చిత్రాలకూ వర్తింపజేశారు. ఇందులో ప్రమాణ చిత్రాల కట్ట ఒకటి ఉంటుంది. వైద్యుడు కార్మికుని చిత్రాన్ని ఆ ప్రమాణ చిత్రాల పక్కన పెట్టి పోల్చాలి. చుక్కల పరిమాణాన్ని అక్షరాలతో, దట్టాన్ని అంకెలతో నమోదు చేయాలి.

అంకెలు వేసే తీరు ఆసక్తికరం. దట్టాన్ని సున్నా నుంచి మూడు వరకు నాలుగు వర్గాలు చేసి, మళ్లీ వాటిని 12 మెట్లుగా విడదీశారు. ‘1/0’ అని రాస్తే.. ఒకటో వర్గమని నిర్ణయించాను గానీ సున్నా కావచ్చునేమోనని కూడా గట్టిగా ఆలోచించాను అని అర్థం. ‘0/1’ అంటే సందేహం అదే, తీర్పు మాత్రం తారుమారు. వైద్యుని సందేహానికి కూడా కాగితం మీద చోటిచ్చిన పద్ధతి ఇది. అమెరికా గని కార్మికుల పర్యవేక్షణలో 1/0 నుంచి వ్యాధి ఆనవాలుగా లెక్కిస్తారు. అంటే ఆ ఒక్క మెట్టు మీద మనిషి పని, పరిహారం ఆధారపడతాయి. ‘నార్మల్‌’ అన్న ఒక్క ముక్కతో ముగిసే నివేదికలో ఈ మెట్లేవీ ఉండవు.

చిత్రం నాణ్యత మరో సమస్య. ఊపిరి నిండా పీల్చి బిగబట్టని చిత్రంలో ఊపిరితిత్తి ముడుచుకుని లేని మచ్చలు ఉన్నట్టు కనిపిస్తాయి. కిరణాల మోతాదు ఎక్కువైతే ఉన్న చుక్కలు కరిగిపోతాయి. షిఫ్టు ముగిసి, వరుసలో నిలబడి, తొందరలో తీయించుకున్న చిత్రానికి ఈ రెండు దోషాలూ పట్టే అవకాశం ఉంది. అందుకే వర్గీకరణలో మొట్టమొదటి గడి చిత్రం నాణ్యతదే. నాణ్యత లేని చిత్రాన్ని చదవకుండా మళ్లీ తీయమనే హక్కు వైద్యునికి ఉంటుంది.

క్షయ అనుకుని..

బొగ్గు ధూళి, సిలికా తెచ్చే మచ్చలు ఎక్కువగా ఊపిరితిత్తి పైభాగంలో వస్తాయి. క్షయ మచ్చలు కూడా తరచూ అక్కడే వస్తాయి. క్షయ విస్తృతంగా ఉన్న మన దేశంలో పైభాగాన మచ్చ కనిపించగానే టీబీ మందులు మొదలుపెట్టడం కొత్త కాదు. ఆరు నెలలు మందు వాడినా మచ్చ కదలకపోతే మరోసారి మందులు వాడిస్తారు. ఇదంతా జరుగుతుండగా ధూళి జబ్బు తన దారిన తాను పెరుగుతుంటుంది. మరోవైపు సిలికా పేరుకున్న ఊపిరితిత్తికి క్షయ సోకే ముప్పు ఎక్కువ. అంటే రెండూ కలిసి ఉండటం కూడా సాధ్యమే.

ఈ ముడిని ఎక్స్‌రే ఒక్కటే విప్పలేదు. కఫంలో క్షయ క్రిమి ఉన్నదీ లేనిదీ సీబీనాట్‌, ట్రూనాట్‌ పరీక్షల్లో గంటల వ్యవధిలో తెలుస్తుంది. దానికి తోడు కావలసింది ఒకే ఒక ప్రశ్న: ‘మీరు ఏ పని చేశారు, ఎన్నేళ్లు చేశారు?’ కార్మికుడు గని ఆసుపత్రిలో కాక బయట చూపించుకుంటే ఈ ప్రశ్న ఎదురవుతుందన్న భరోసా లేదు. క్షయ ఆనవాళ్లను కంప్యూటరు ప్రోగ్రాముతో గుర్తించే విధానాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫార్సు చేసింది. చేతిలో ఇమిడే ఎక్స్‌రే యంత్రాలు మన దేశంలోనూ ఊళ్లకు వెళ్తున్నాయి. మంచిదే. కానీ క్షయ కోసం తర్ఫీదు పొందిన ప్రోగ్రాముకు బొగ్గు ధూళి గురించి ఎవరూ చెప్పకపోతే అది తెలిసిన జబ్బు పేరే చెబుతుంది.

సీటీ స్కాన్‌ చేస్తే పోలేదా అన్న ప్రశ్న సహజం. 1971లో తొలిసారి మనిషిని పరీక్షించిన ఈ సాధనం ఎక్స్‌రేకు అందని సన్నని మచ్చలనూ, గాలి తిత్తుల చిరుగులనూ చూపిస్తుంది. అయితే ఛాతీ సీటీలో శరీరానికి చేరే కిరణాలు మామూలు ఎక్స్‌రేతో పోలిస్తే అనేక పదుల రెట్లు ఎక్కువ. వేలమందికి విడతలవారీగా చేసే పరీక్షకు అది తగదు. ఎక్స్‌రేలో అనుమానం వచ్చినవారికి, శ్వాస సామర్థ్య పరీక్షలో తేడా కనిపించినవారికి చేయడం సబబు.

క్వీన్స్‌లాండ్‌ చెప్పిన పాఠం

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌ రాష్ట్రం ప్రపంచంలోని ప్రధాన బొగ్గు క్షేత్రాల్లో ఒకటి. అక్కడా కార్మికులకు నిర్ణీత కాలంలో ఛాతీ చిత్రాలు తీసేవారు. సుమారు మూడు దశాబ్దాల పాటు కొత్త కేసు ఒక్కటీ అధికారికంగా నమోదు కాలేదు. ధూళి జబ్బు అంతరించిందనే అందరూ నమ్మారు. 2015లో మళ్లీ కేసులు బయటపడ్డాయి. నిగ్గు తేల్చే పనిని ప్రభుత్వం మొనాష్‌ విశ్వవిద్యాలయ నిపుణులకు అప్పగించింది. 2016లో వారు ఇచ్చిన నివేదిక సారాంశం రామగుండం పాఠకులకు పరిచితమైనదే. పరీక్షల దృష్టి అంతా కార్మికుడు పనికి తగినవాడా కాదా అన్నదానిపైనే నిలిచింది, జబ్బును తొలిదశలో పట్టుకోవాలన్న అసలు లక్ష్యం పక్కకు జరిగింది. చిత్రాలను ప్రమాణ పద్ధతిలో చదవలేదు. పాత చిత్రాలను అమెరికాలోని అర్హులైన వైద్యులకు పంపి మళ్లీ చదివిస్తే, అప్పట్లో తప్పిపోయిన కేసులు వెలుగుచూశాయి. 2017లో ఆ రాష్ట్ర శాసనసభా సంఘం కూడా వ్యవస్థ వైఫల్యాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అప్పటి నుంచి అక్కడ ప్రతి చిత్రాన్ని తర్ఫీదు పొందిన ఇద్దరు వేర్వేరుగా చదవాలన్న పద్ధతి వచ్చింది. విశ్రాంత కార్మికులకూ పరీక్షలు అందుబాటులోకి తెచ్చారు.

అమెరికాలో 1969 చట్టంతోనే గని కార్మికులకు ఎక్స్‌రే పర్యవేక్షణ మొదలైంది. చిత్రాలు చదివే వైద్యులకు ప్రత్యేక పరీక్ష పెట్టి అర్హత పత్రం ఇస్తారు. అయినా అపలాచియన్‌ కొండల ప్రాంతంలోని మూడు క్లినిక్‌లలోనే 2013-17 మధ్య 416 మంది తీవ్రదశ రోగులు తేలినట్టు 2018లో వైద్య పత్రిక జామా వెల్లడించింది. వారిలో చాలామంది పని మానేసినవారే. డబ్బుకూ యంత్రాలకూ కొదవలేని దేశాల అనుభవమే ఇలా ఉంటే, ‘మన గనుల్లో ఆ జబ్బు అంతగా లేదు’ అన్న మాటను నమ్మే ముందు చిత్రాలు చదివిన తీరు గురించి అడగడం తప్పు కాదు.

లెక్కలోకి రానివారు

1990 దశకం తొలినాళ్లలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు శాశ్వత ఉద్యోగులు 40 వేల స్థాయికి తగ్గారు. మధ్యలో బయటకు వచ్చినవారంతా కోల్‌కట్టర్లు, ఫిల్లర్లు, టింబర్‌మన్లుగా చేతులతో బొగ్గు ఎత్తిన తరం. యంత్రాలు రాకముందు, నీళ్లు చల్లే ఏర్పాట్లు మెరుగుపడకముందు దుమ్ము మింగినవారు వారే. విరమణతో పీఎంఈ ఆగిపోతుంది. విశ్రాంత కార్మికులకు వైద్య పథకం ఉన్నా, అది జబ్బు పడ్డాక ఆదుకునేది. జబ్బును వెతికి పట్టుకునేది కాదు. ఆయాసంతో ఊరిలోని ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లే 70 ఏళ్ల మాజీ కార్మికుని రోగం ఉబ్బసంగానో, పొగతాగే అలవాటుగానో, వయసుగానో లెక్కలోకెక్కుతుంది.

రెండో వర్గం కాంట్రాక్టు కార్మికులు. గనిలో పనిచేసేవారు ఎవరి కింద పనిచేసినా చట్టం దృష్టిలో కార్మికులే, వైద్య పరీక్ష వారికీ తప్పనిసరే. చిక్కంతా చిత్రం భద్రతలో ఉంది. గుత్తేదారు మారితే కార్మికుడు మళ్లీ కొత్తగా చేరినట్టు. కొత్త పరీక్ష, కొత్త చిత్రం. పాతది ఎక్కడుందో అడిగేవారుండరు. న్యుమోకోనియోసిస్‌ నిర్ధారణలో ఒక చిత్రం కన్నా చిత్రాల వరుసకు విలువ ఎక్కువ. పదేళ్ల కిందటి చిత్రంలో లేని చుక్క ఇప్పుడుంటే సందేహానికి తావుండదు. ఆ వరుస తెగిపోతే పరిహారం అడగడానికి ఆధారమూ తెగిపోతుంది. వృత్తి వ్యాధులకు పరిహారం 1923 చట్టం నాటి నుంచి ఉన్న హక్కు. రుజువు చేయవలసి వచ్చినప్పుడు చేతిలో ఏముందన్నదే ప్రశ్న.

2025 నవంబరు 21న నాలుగు లేబర్‌ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష అన్నది వాటిలో ఘనంగా చెప్పుకొన్న అంశం. అయిదేళ్ల నుంచి ఏడాదికి రావడం పెద్ద మార్పే. రక్తపోటు, చక్కెర చూసి పంపించేస్తే మాత్రం బొగ్గు కార్మికునికి ఒరిగేది తక్కువ. కార్మిక సంఘాలు పట్టుబట్టవలసింది ఆ పరీక్షలో ఛాతీ చిత్రం ఎన్నాళ్లకు ఒకసారి, ఏ పద్ధతిలో చదువుతారు అన్నదానిపైనే.

అన్‌ఫిట్‌ ఆశ.. అన్‌ఫిట్‌ భయం

వైద్య పరీక్ష చుట్టూ ఇక్కడ అల్లుకున్న సామాజిక వాతావరణాన్ని విస్మరిస్తే విశ్లేషణ పాక్షికమే అవుతుంది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసిన తర్వాత, మెడికల్‌ ఇన్‌వాలిడేషన్‌ మీద ఆధారపడిన కారుణ్య నియామకాలే కార్మిక కుటుంబాలకు మిగిలిన దారి. దాంతో మెడికల్‌ బోర్డు ఎదుట కొందరికి అన్‌ఫిట్‌ కావడం ఇంటికి వెలుగు, మరికొందరికి పూర్తి వేతనం పోతుందన్న భయం. ఒకరు ఉన్న జబ్బును దాస్తారు, ఇంకొకరు లేని జబ్బును చూపాలని ఆరాటపడతారు. దళారులను నమ్మవద్దని యాజమాన్యం పలుమార్లు ప్రకటించవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. ఇద్దరికీ నిష్పాక్షికంగా న్యాయం చేయగలిగింది ప్రమాణం ప్రకారం చదివిన, తేదీలవారీగా భద్రపరచిన చిత్రాల వరుస. దానిని ఎవరూ మాటలతో మార్చలేరు. యాజమాన్యానికి కూడా ఇది మేలే చేస్తుంది.

గాయపడిన వేళ

ధూళి జబ్బు ఏళ్ల తరబడి సాగే వ్యవహారం. ప్రమాదం నిమిషాలతో ముడిపడింది. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్‌ గనిలో పైకప్పు కూలి ముగ్గురు మరణించారు. ఇటువంటి ప్రమాదాల్లో బండ కింద పడిన మనిషికి పైకి గాయం కనిపించకపోవచ్చు, లోపల కాలేయమో ప్లీహమో చీలి రక్తస్రావం అవుతుండవచ్చు. ఎక్స్‌రేలో విరిగిన ఎముక కనిపిస్తుంది గానీ కారుతున్న రక్తం కనిపించదు. కడుపు మీద అల్ట్రాసౌండ్‌ పెట్టి చూస్తే నిమిషాల్లో తెలుస్తుంది. తలకు దెబ్బ తగిలితే సీటీ, వెన్నుపాము నలిగితే ఎంఆర్‌ఐ కావాలి. గోదావరిఖని నుంచి కరీంనగర్‌ 60 కిలోమీటర్ల పైచిలుకు, హైదరాబాద్‌ 200 దాటుతుంది. ఎవరిని ఇక్కడే శస్త్రచికిత్సకు తీసుకోవాలి, ఎవరిని అంబులెన్సు ఎక్కించాలి అన్న నిర్ణయం చిత్రం మీదే జరగాలి. మూడో షిఫ్టులో ప్రమాదం జరిగితే యంత్రం ఉన్నా నడిపే టెక్నీషియన్‌, చూసి చెప్పే రేడియాలజిస్టు ఉండాలి కదా. చిత్రాన్ని తంత్రీమార్గాన పంపి నగరంలోని నిపుణునితో చదివించడం ఇప్పుడు అసాధ్యమేమీ కాదు.

వైద్య కళాశాల ఉన్న ఊరు

సింగరేణి నిధులతో రామగుండంలో ఏర్పాటైన ప్రభుత్వ వైద్య కళాశాల 2022 నవంబరులో ప్రారంభమైంది. ఇది కార్మిక క్షేత్రానికి అందివచ్చిన అవకాశం. రేడియాలజీ, శ్వాసకోశ విభాగాలున్న బోధనాసుపత్రికి, గని ఆసుపత్రుల్లో పేరుకున్న చిత్రాలకు మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. గని వైద్యుడు చదివిన చిత్రాన్ని పేరు, గని వివరాలు కనిపించకుండా కళాశాల వైద్యునికి పంపి రెండోసారి చదివించవచ్చు. ఇద్దరి అంకెలు కలవకపోతే మూడో అభిప్రాయం తీసుకోవచ్చు. పాత ఫిల్ములను పారేయకముందే డిజిటల్‌గా మార్చి ఒకచోట దాచవచ్చు. వీటికి కోట్లు అవసరం లేదు, యాజమాన్యం ఒక ఉత్తర్వు ఇచ్చి, కళాశాల ఇద్దరు వైద్యులకు ఆ వర్గీకరణలో తర్ఫీదు ఇప్పిస్తే చాలు. ఏటా అట్టహాసంగా జరిగే రక్షణ వారోత్సవాల్లో హెల్మెట్‌, టోపీలైటు, స్వీయరక్షక పరికరంతో పాటు ఈ అంశానికీ ఒక పూట కేటాయిస్తే అభ్యంతరమేముంటుంది?

ఈలోగా పీఎంఈకి పిలుపు అందుకున్న కార్మికులు తమవంతుగా చేయగలిగింది కొంత ఉంది. గతంలో తీసిన చిత్రాలు ఇంట్లో ఉంటే వెంట తీసుకెళ్లి పక్కన పెట్టి చూడమని వైద్యుని కోరాలి. ఏయే గనుల్లో, ఏ పనిలో, ఎన్నేళ్లు ఉన్నదీ కాగితం మీద రాసి నివేదికకు జతపరచమనాలి. పదవీ విరమణకు దగ్గరపడినవారు చివరి చిత్రం నకలును రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. ఫిల్ముగా ఇచ్చినా, సీడీలో ఇచ్చినా దాని మీద పేరు, తేదీ, పనిచేసిన గని వివరాలు సరిగా ఉన్నాయో లేదో అక్కడే సరిచూసుకోవడం మంచిది.